పారేసే ముందు చదివించండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. ఇల్లు సర్దుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ఇల్లు రోజురోజుకూ ఇరుకైపోతున్నదన్న బాధ, కావలసిన వస్తువు కావలసిన వేళకు దొరకక కలిగే చికాకు, ఆ వెతుకులాట అంతా చివరికి ఇంటి ఆడవాళ్ల నెత్తిన పడటం, ఇవన్నీ అందులో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అయితే ఏడాదిపాటు చెయ్యి తగలని వస్తువు ఏదైనా సరే మొహమాటం లేకుండా బయట పారేయమన్న సలహా దగ్గర నేను ఆగిపోయాను. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మావంటి తెలుగు ఇళ్లలో ఆ కొలతే పెట్టుకుంటే అన్నిటికన్నా ముందు గడప దాటిపోయేవి పాత కాగితాలని, అవి పోవడం వల్ల మా ఇంటికి ఎటువంటి నష్టం కలిగిందో మీ పాఠకులకు చెప్పడం అవసరమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా విడిపోయింది. పట్టణమూ దాని చుట్టుపక్కల కొంత భాగమూ ఒడిశాలోకి వచ్చాయి, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వైపు ఉన్నది మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అందువల్ల మా ఊళ్లో చాలా కుటుంబాలకు ఇల్లు ఇటు, పొలం అటు. మా మామగారి తరం వాళ్లకు కాగితాలన్నీ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండేవి. మా తరానికి ఇటువైపువి ఒడియాలోకి మారాయి. మా మనవలకు ఒడియా, ఇంగ్లీషు చదవడం రాయడం వచ్చు, తెలుగు మాట్లాడటం మాత్రమే వచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊళ్లో పిల్లలు తాతమ్మ రాసిన ఉత్తరం చదవలేకపోతున్నారంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది భాష గురించి కాదు, ఇంట్లో పేరుకున్న వస్తువుల గురించే. ఏ వస్తువు ఉంచాలో ఏది తీసేయాలో నిర్ణయించాలంటే ముందు అది ఏమిటో తెలియాలి కదా. మా ఇళ్లలో ఆ తెలియడమే తరానికి తరానికీ తగ్గిపోతున్నది.

మాది పాత పెంకుటిల్లు. వీధి అరుగు, వసారా, నడవ, నడిమి గది, వంటిల్లు, వెనక పెరడు వరసగా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. నడిమి గది మీద అటక. నేను కోడలిగా వచ్చిన రోజుల్లో ఆ అటక మీద ఊరగాయ జాడీలు, పెళ్లిళ్లకు తీసే గుండిగలు, గంగాళం, కుంచం, మానిక, సోల వంటి కొలపాత్రలు, ఒక ట్రంకు పెట్టె ఉండేవి. అవి కూడా ఏడాదికి ఒకటి రెండు సార్లకన్నా కిందికి దిగేవి కావు. అయినా ఇల్లు ఎప్పుడూ ఇరుగ్గా అనిపించలేదు. దానికి కారణం మేము ఎక్కువ పొందికైన మనుషులం కావడం కాదు. ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువుకూ బయటికి పోయే దారి ఒకటి ఉండేది. నేత చీర పాతబడితే నాలుగు చీరలు కలిపి బొంత కుట్టేవాళ్లం, బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేది, పాత పంచె దీపం వత్తి అయ్యేది. కాగితాలు పచారీ కొట్టుకు పొట్లాల కోసం పోయేవి. ఇత్తడి బిందెకు చిల్లు పడితే మాటు వేయించేవాళ్లం, మాటుకు కూడా పనికిరాకపోతే పాత ఇత్తడి కింద తూకానికి వేసి కొత్తది తెచ్చుకునేవాళ్లం. వెదురు బుట్ట విరిగితే పొయ్యిలోకి, కుండ పగిలితే పెంకులు అరటి పాదులోకి పోయేవి.

ఇప్పుడు ఇంట్లోకి వచ్చే దారి వెడల్పైంది, పోయే దారి మూసుకుపోయింది. పెళ్లికి వెళితే ఒక స్టీలు డబ్బా, గృహప్రవేశానికి వెళితే ఒక ప్లాస్టిక్ బుట్ట చేతిలో పెడతారు. వద్దనడం మర్యాద కాదు. మిఠాయి డబ్బా గట్టిగా ఉంది కదా అని దాస్తాం, మూత పోయిన డబ్బాను మూత దొరుకుతుందేమోనని దాస్తాం, డబ్బా పోయిన మూతను కూడా అలాగే దాస్తాం. పాత ఫోన్లు, వాటి ఛార్జర్లు, పనిచేయని మిక్సీ, పగిలిన కుర్చీ, వీటితో బొంత కుట్టలేము, వీటిని పొయ్యిలో పెట్టలేము. దాచుకోవడం మన పెద్దలు నేర్పిన మంచి అలవాటే. బయటికి పోయే దారి ఉన్న కాలంలో పుట్టిన ఆ అలవాటు దారి లేని వస్తువుల మీద పనిచేయడం వల్లనే అటకలు నిండిపోతున్నాయి. ఈ మాట ముఖ్యంగా ఎందుకు రాస్తున్నానంటే, ఇల్లు చిందరవందరగా ఉంటే ఆ ఇంటి ఇల్లాలిని సోమరి అనేవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. అది అన్యాయమైన మాట.

ఇక మా ఇంట్లో జరిగిన సంగతి. మా మామగారు రశీదులన్నిటినీ ఇనుప తీగకు గుచ్చి గోడ మేకుకు వేలాడదీసేవారు. తీగ నిండగానే దాన్ని అలాగే తీసి ట్రంకు పెట్టెలో పెట్టి మరో తీగ తగిలించేవారు. శిస్తు రశీదులు, ఎరువుల కొట్టు చీటీలు, పోస్టు కార్డులు, ఎవరికి ఎంత ఇచ్చారో రాసుకున్న చిత్తు కాగితాలు, అన్నీ ఒకే తీగ మీద ఉండేవి. ఆయనకు ఏది ఎక్కడుందో తెలుసు కాబట్టి ఆయన ఉన్నన్నాళ్లూ ఇబ్బంది రాలేదు. ఆయన పోయాక ఆ పెట్టె జోలికి ఎవరమూ పోలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు గజపతి జిల్లా పడ్డ బాధ ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. మా నడిమి గది మీద పెంకులు లేచిపోయి అటక మీద ఉన్నవన్నీ నీళ్లలో నానాయి. ట్రంకు పెట్టె అడుగు తుప్పు పట్టి ఉండటంతో నీళ్లు లోపలికి చేరాయి. కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి అట్టలా తయారయ్యాయి. కరెంటు లేదు, ఎండ సరిగా లేదు. నులకమంచం మీద పరిచి, విసనకర్రతో విసిరి, వేలి గోటితో ఒక్కొక్కటీ విడదీసి ఆరబెట్టాము. ఆరినవాటిని వేరు చేసి పెట్టే ఓపిక ఆ పరిస్థితిలో ఎవరికీ లేదు. చేతికి దొరికిన గోనె సంచిలో అన్నీ కుక్కి, పైన పాత వార్తాపత్రికలు కప్పి, వసారా మూల పెట్టాను. తరువాత తీరిగ్గా చూద్దామనుకున్నాను. ఆ సంచిని అక్కడ పెట్టింది నేనే.

మూడు నెలలకు భోగి వచ్చింది. తెల్లవారక ముందే వీధిలో మంట వేశారు. పిల్లలు పిడకల దండలు వేసి, పాత చాపలు, విరిగిన తట్టలు వేసి, ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని వెతికి మూలనున్న ఆ సంచిని ఈడ్చుకుపోయి మంటలో బోర్లించారు. పైన కనిపించినవి పాత పత్రికలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పొద్దెక్కి మంట చల్లారాక మా మరిది బూడిదలోంచి కర్రతో ఒక ఇనుప తీగను పైకి తీశారు. నల్లగా మాడి, కొన దగ్గర వంపు మాత్రం అలాగే ఉంది. ఆ వంపు చూసి మా అత్తగారు అది మామగారి తీగ అని గుర్తుపట్టారు.

ఆ సంచిలో పోయిన వాటిలో రిజిస్టరైన దస్తావేజులు కూడా ఉన్నాయి. వాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి నకళ్లు తెచ్చుకోగలిగాము. కానీ అన్నదమ్ముల మధ్య పొలం పంచుకున్నప్పుడు నలుగురు పెద్దమనుషులు కూర్చుని రాయించి సంతకాలు చేసిన చేతిరాత కాగితం ఒకటి ఉండేది. అటువంటి దానికి నకలు ఏ కార్యాలయంలోనూ ఉండదు. ఏ గట్టు ఎవరి వైపు వస్తుందో, బావి నీళ్లు ఏ రోజు ఎవరివో అందులోనే రాసి ఉండేది. ఆ నలుగురిలో ఒక్కరూ ఇప్పుడు లేరు. తరువాత పాతపట్నం వైపు పొలం విషయంలో తగవు వచ్చినప్పుడు మా దగ్గర చూపించడానికి ఏమీ లేకపోయింది. రెండేళ్లు తిరిగి, చివరికి పన్నెండు సెంట్లు వదులుకుని రాజీపడ్డాము. పన్నెండు సెంట్లు పోయినందుకన్నా, ఆ రెండేళ్లు ఒక ఇంట్లో జరిగిన శుభకార్యానికి మరో ఇంటివాళ్లు వెళ్లకపోవడమే ఎక్కువ బాధగా మిగిలింది.

అందుకే ఏడాది వాడనిది పారేయమనే సలహా మాకు సరిపోదంటున్నాను. దస్తావేజును ఎవరూ ఏడాదికొకసారి వాడరు. ముప్పై ఏళ్లకు ఒకసారి దాని అవసరం పడవచ్చు. ముప్పై అని ఊరికే అనలేదు. ముప్పై ఏళ్లు దాటిన పత్రాన్ని అది ఉండవలసిన చోటి నుంచి, ఉండవలసిన వారి చేతి నుంచి తెచ్చి కోర్టులో దాఖలు చేస్తే, అందులోని రాతా సంతకమూ ఆయా వ్యక్తులవేనని కోర్టు భావించవచ్చునని 1872 సాక్ష్య చట్టం 90వ సెక్షన్ చెప్పేది. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా అదే ముప్పై ఏళ్ల నియమాన్ని కొనసాగించింది. పాత కాగితం ఇంట్లో ఒక నిర్ణీతమైన చోట, బాధ్యత గల మనిషి అధీనంలో ఉండాలన్న మాటకు చట్టం దృష్టిలో కూడా విలువ ఉందన్నమాట. గోనె సంచి అటువంటి చోటు కాదు.

అలాగని ప్రతి చీటీనీ దాచమని నేను చెప్పడం లేదు. అలా దాచడం వల్లనే మా అసలు కాగితం పనికిరాని కాగితాల మధ్య కలిసిపోయి కాలిపోయింది. డబ్బు లావాదేవీలకు సంబంధించిన చాలా దావాలకు 1963 నాటి కాలపరిమితి చట్టం మూడేళ్ల గడువు పెట్టింది కాబట్టి, కొట్టు రశీదులు, చేతి బదులు తీర్చిన చీటీలు వంటివి ఆ గడువు దాటి మరో ఏడాది ఉంచితే సరిపోతుంది. కరెంటు బాకీ మొదట కట్టవలసి వచ్చిన తేదీ నుంచి రెండేళ్లు దాటిపోతే, ఆ బాకీని మధ్యలో బిల్లుల్లో వరసగా చూపిస్తూ రాకపోయినట్టయితే, దాన్ని వసూలు చేయడానికి వీల్లేదని 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ చెబుతున్నది. మా ఇంట్లో పదిహేనేళ్ల కరెంటు బిల్లులు ఉండేవి. భూమి కాగితాలు, వీలునామాలు, పంపకాల కాగితాలు, జనన మరణ పత్రాలు, చదువు పత్రాలు, పింఛను కాగితాలు, వీటికి మాత్రం గడువు లేదు. ఈ మధ్య వచ్చిన పత్రాలు కొన్ని ఫోన్లో చూసుకునే ప్రభుత్వ డిజిలాకర్‌లో దొరుకుతున్నాయి, పిల్లలు అది చూసి ఇంట్లో కాగితం ఎందుకంటారు. మామగారి కాలం నాటి పట్టా అందులో దొరకదు.

భోగి సంగతి జరిగాక మిగిలిన కాగితాలను, అంటే బీరువాలో, పూజగదిలో, అత్తగారి మంచం కింద పెట్టెలో ఉన్నవాటిని, చదవకుండా ఒక్కటి కూడా పారేయకూడదని నిర్ణయించుకున్నాము. కానీ చదివేదెవరు? పాత కాగితాల్లో చాలావరకు గొలుసుకట్టు రాత. అక్షరం చివర అక్షరం అల్లుకుని, కలం ఎత్తకుండా రాసిన ఆ రాత నాకే సరిగా కూడిరాదు. మా అత్తగారి నాన్నగారు కరణీకం చేసిన మనిషి కావడం వల్ల ఆవిడకు చిన్నప్పటి నుంచి ఆ రాత అలవాటు. పోయిన ఏడాది మార్గశిరంలో ఈ పని మొదలుపెట్టాము. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు, అంతకుమించి కాదు. ఆవిడ మంచం మీద భూతద్దంతో కూర్చుంటారు. సెలవులకు వచ్చినప్పుడు మనవడు పక్కన కూర్చుంటాడు. ఆవిడ చదివి చెప్పిన దాన్ని నేను తెలుగులో, వాడు ఒడియాలో ఒకే నోటు పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో రాస్తాము. ఎవరి పేరు మీద, ఏ సంవత్సరం, దేని గురించి, అంతే. ఒక్కో కాగితానికి ఒక్క వరుస.

రెండో వారమే ఒక చిక్కు వచ్చింది. ఒక శిస్తు రశీదు మీద 1345 అని ఉంది. మనవడు దాన్ని చూసి ఇంత పాత కాగితమా అని ఆశ్చర్యపోయాడు. అది ఫసలీ సంవత్సరం. మద్రాసు ప్రభుత్వ రెవెన్యూ లెక్కల్లో జూలైతో మొదలయ్యే ఏడాది అది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే ఆ రశీదు 1935 జూలై నుంచి 1936 జూన్ వరకు ఉన్న ఏడాదిది. ఒడిశా ఏర్పడిన ఏప్రిల్ నెల సరిగ్గా ఆ ఫసలీలోనే వస్తుంది. ఈ ఒక్క కూడిక తెలియని ఇంట్లో ఆ రశీదు అర్థంలేని అంకెగానే ఉండిపోతుంది. అలాగే అణాలు, పైసలు అని రాసిన లెక్క చాలావరకు 1957 ఏప్రిల్‌కు ముందు నాటిదని, అటువైపు కాగితంలో సెంటు అన్నది ఇటువైపు కాగితంలో డిసిమల్ అని ఉంటుందని, రెండూ ఎకరంలో నూరో వంతేనని పిల్లవాడికి అప్పుడే తెలిసింది. ముచ్చలిక, చెక్కుబందీ, జిరాయితీ, ఇనాం, భోగ్యం వంటి పాత భూమి కాగితాల మాటలకు వాడు అర్థాలు అడిగి పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాడు.

మేము ఊహించనిది మరొకటి జరిగింది. బీరువా లాకరులో పసుపు రాసి, పట్టుగుడ్డలో చుట్టి, దసరాకు పూజలో కూడా పెడుతూ వచ్చిన ఒక పాత కాగితం ఉంది. అది ఇంటి స్థలం దస్తావేజు అనుకునేవాళ్లం. అత్తగారు భూతద్దం పెట్టి చదివితే అది ఎడ్లబండి చక్రాలకూ ఇరుసుకూ వడ్రంగికి ఇచ్చిన డబ్బుల లెక్క. అసలు దస్తావేజు మూడు వారాల తరువాత దొరికింది. వంటింటి అలమరలో పప్పు డబ్బాల కింద అడుగున పరిచిన కాగితాల్లో ఉంది. దాని ఒక మూల నూనె మరక పడింది గాని అక్షరాలు పోలేదు. దాన్ని అక్కడ ఎవరు పరిచారో ఎవరికీ గుర్తులేదు, నేనే పరిచి ఉండవచ్చు. ఇల్లు సర్దడం అంటే కంటికి ఇంపుగా పేర్చడమే అనుకుంటే ఆ అలమర మా ఇంట్లో అన్నిటికన్నా బాగా సర్దిన చోటు.

కాగితాలు దాచే పద్ధతిలో మేము చేసిన తప్పులు కూడా ఇక్కడ చెబుతాను, మరొకరు చేయకుండా ఉంటారు. రబ్బరు బ్యాండ్లు వేయకూడదు, అవి రెండు మూడేళ్లకు కరిగి కాగితానికి అంటుకుంటాయి. గుండుసూదులు, ఇనుప క్లిప్పులు మన తేమకు తుప్పు పట్టి కాగితాన్ని కొరుకుతాయి. పాత దస్తావేజుకు లామినేషన్ చేయించకూడదు. ఒకసారి చేయించాక దాన్ని విడదీయడం దాదాపు కాని పని, ఆ వేడికీ జిగురుకూ పాత కాగితం మరింత దెబ్బతింటుంది. మేము ఒక్కొక్క కట్టను ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చుట్టి, నూలు తాడుతో వదులుగా కట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టాము. కలరా ఉండలను కాగితానికి తగలకుండా గుడ్డ మూటలో వేరుగా ఉంచాము. డబ్బాను అటక మీదా పెట్టలేదు, నేల మీదా పెట్టలేదు. పైనుంచి వాన, కిందినుంచి చెదలు, రెండూ మా ఊళ్లో తప్పనివే. గోడకు ఆనకుండా బీరువా నడిమి అరలో ఉంచాము. ప్రతి కాగితానికీ ఫోన్లో ఫొటో తీసి భువనేశ్వర్‌లో ఉన్న అబ్బాయికీ, మా మరిదికీ పంపాము. తగవు ఎవరితో వచ్చిందో వారి దగ్గర కూడా అదే ప్రతి ఉండటం మంచిదని మా అత్తగారు పట్టుబట్టారు.

కాగితాలు ఒక కొలిక్కి వచ్చాక మిగతా ఇల్లు సర్దడం ఏమంత కష్టం కాలేదు. మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు ఒక రోజులో పోయాయి. మందుల డబ్బాలో సగానికి సగం గడువు తేదీ దాటినవే ఉన్నాయి. తేదీ ముద్రించిన వైపు మాత్రలు ముందు వాడటం వల్ల మిగిలిన మాత్రలు ఎప్పటివో తెలియని ముక్కలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ వైపు చివరికి వాడాలన్న చిన్న జాగ్రత్త ఇప్పుడు ఇంట్లో అందరికీ చెప్పాము. పెరట్లో కుప్పపోసిన పాత కర్రలు, పెంకులు తీయించాము. ఎలుకలు చేరే చోటికి పాములు వస్తాయి, వానాకాలంలో రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కట్లపాము కరిచిన సంగతులు మా చుట్టుపక్కల పల్లెల్లో తెలియనివారు లేరు. మేడ ఉన్న ఇళ్లలో దాని మీద బోర్లించకుండా వదిలిన బకెట్లు, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ పెరగడానికి పది రోజులు కూడా పట్టదు. ఈ రెండు కారణాలకైనా పెరడు, మేడ ముందు సర్దుకోవాలి.

తీసేసిన వాటిని భోగి మంటలో వేయలేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇంటి చెత్తను తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడు విధాలుగా వేరు చేసి ఇవ్వమన్నాయి, బహిరంగంగా తగలబెట్టడాన్ని నిషేధించాయి. భోగి మంటలో పిడకలూ ఎండు కర్రలూ వేయడం ఆచారం. ప్లాస్టిక్ కుర్చీ, టైరు వేయడం ఏ పెద్దలూ చెప్పింది కాదు. ఆ పొగ మొదట పీల్చేది మంట చుట్టూ నిలబడిన పిల్లలే.

ఈ పనిలో ఇంట్లో మాటపట్టింపులు రాలేదని చెప్పలేను. అబ్బాయి వచ్చినప్పుడల్లా అంతా తీసేయమ్మా, చోటు కలుస్తుంది అంటాడు. అత్తగారు ఒక్కటి కూడా కదపవద్దంటారు. ఇద్దరి మధ్యా నేను. చదవడం మొదలుపెట్టాక ఇద్దరి పట్టూ సడలింది. ఎరువుల కొట్టు చీటీలను అత్తగారే స్వయంగా పక్కన పెట్టి ఇవి తీసేయమన్నారు. వాటిలో ఏముందో తెలిశాక ఆవిడకు భయం పోయింది. మరోవైపు, ఆవిడ తల్లి రాసిన ఒక పోస్టు కార్డును అబ్బాయి చదివించుకుని విన్నాడు. ఆ ఏడాది పనస కాపు, దూడకు వచ్చిన జబ్బు, పురిటికి ఎప్పుడు పంపుతారన్న ప్రశ్న, ఇంతే ఉంది అందులో. ఆ పురుడు వాళ్ల నాన్నదే. ఆ కార్డును వాడు భువనేశ్వర్ తీసుకువెళ్లాడు. ఏడాది కొలత పెట్టి ఉంటే ఆ కార్డు ఎప్పుడో పోయేది.

సంపాదకులు గారూ, మీ పత్రిక ఒడిశా సరిహద్దులో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో తెలుగు ఇళ్లకు చేరుతున్నది. ఈ ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా తెలుగు పత్రిక చదువుతున్నారు, పిల్లలు చదవడం లేదు. కాబట్టి మీరు చెప్పేది సరిగ్గా చేరవలసిన వారికే చేరుతుంది. ఇల్లు సర్దుకోవడం గురించి ఇకమీదట వ్యాసాలు వేసేటప్పుడు పాత కాగితాలను ఏం చేయాలన్నది కూడా చేర్చండి. వీలైతే వారానికొక పాత రెవెన్యూ మాటను, దాని అర్థంతో, గొలుసుకట్టు రాతలో అది ఎలా ఉంటుందో చూపే బొమ్మతో వేయండి. కత్తిరించి దాచుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ఈ ఊళ్లలోని తెలుగు సంఘాల వారికి కూడా ఒక మాట. ఉగాది సభలూ సన్మానాలూ మంచివే. వాటితోపాటు నెలకొక ఆదివారం, గొలుసుకట్టు చదవగలిగిన పెద్దలను ఇద్దరిని కూర్చోబెట్టి, ఎవరి కాగితాలు వారు తెచ్చుకుని చదివించుకునే ఏర్పాటు చేస్తే ఎన్నో ఇళ్లకు మేలవుతుంది.

మా అత్తగారికి ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. ఎడమ కంటికి శుక్లం వచ్చింది, ఆపరేషన్ సంక్రాంతి తరువాత అన్నారు. ఇంకా రెండు కట్టలు చదవవలసి ఉంది. ఈ శనివారం నుంచి వాటిని విప్పుతున్నాము.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.